బండి న్యూట్రల్‌ల పడ్తలేదా? ముందు ఇంజన్ ఆపి చూడండి

కరీంనగర్‌ల తెలంగాణ చౌక్ కాడ సిగ్నల్ పడ్డది అనుకోండి. మీదికి లేపితే సెకండ్, కిందికి తొక్కితే ఫస్ట్. న్యూట్రల్ మాత్రం దొరకదు. ఇక గ్రీన్ పడేదాకా క్లచ్ పట్టుకునే నిలబడాలె. చెయ్యి జారిందా, బండి ముందటోని మీదికి ఉరుకుతది. అందుకే దీన్ని చిన్న ప్రాబ్లం అని వదిలెయ్యొద్దు.

స్ప్లెండర్ లాంటి బండ్లకు గేర్లన్నీ ముందటికే తొక్కుతం, న్యూట్రల్ ఒక కొసకు ఉంటది. పల్సర్, అపాచీ, బుల్లెట్‌లకు గట్ల కాదు. ఫస్ట్ కిందికి, మిగతావన్నీ మీదికి, న్యూట్రల్ ఆ ఫస్ట్‌కూ సెకండ్‌కూ మధ్యల సగం నొక్కుడు మీద ఉంటది. కుడి పక్క గేర్ ఉన్న పాత బుల్లెట్లకైతే న్యూట్రల్ ఫైండర్ అని మడిమతో తొక్కే వేరే లివర్ ఉండేది. సెకండ్, థర్డ్, ఫోర్త్ ఏ గేర్‌ల ఉన్నా క్లచ్ పట్టి ఒక్క తొక్కుడు, న్యూట్రల్! ఆ సుఖం ఇప్పుడు లేదు.

సరే, అసలు టెస్ట్ ఏందంటే, ఇంజన్ బంద్ చేసి, బండిని జర ముందుకెనక్కి ఊపుకుంట న్యూట్రల్ వేసి చూడండి. బంద్ ఉన్నప్పుడు ఈజీగా పడి, స్టార్ట్‌ల ఉన్నప్పుడే పడ్తలేదంటే తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, క్లచ్‌ది. లివర్ మొత్తం పట్టినా ప్లేట్లు పూర్తిగా విడిపోతలేవు, ఇంజన్ బలం ఇంకా గేర్ల మీదనే ఉంటుంది. అందుకే గేర్లు బిగుసుకుంటాయి. బంద్ ఉన్నప్పుడు కూడా పడకపోతే గేర్ లివర్, దాని రాడ్, లేకపోతే లోపలి సెలెక్టర్ చూపించాలి. అది మెకానిక్ పని, మీరు విప్పకండి.

క్లచ్ దగ్గర ముందు చూసేది కేబుల్. లివర్ కొస కాడ లూజు సాధారణంగా 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ మీ బండి మాన్యువల్‌ల రాసిన లెక్కే ఫైనల్. లూజు ఎక్కువైతే ప్లేట్లు విడిపోవు. అట్లని మొత్తం బిగిస్తే క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి, చాలామంది ఇక్కడనే గడబిడ చేస్తరు. అడ్జస్టర్ కొంచెం కొంచెం తిప్పండి. తీగ పోగులు తెగినా, వానకు తుప్పు పట్టినా కేబుల్ మార్చుడే.

తర్వాత ఆయిల్. మన బైకుల ఎక్కువ వాటికి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లనే మునిగి ఉంటాయి. ఆయిల్ చిక్కగైతే ప్లేట్లు అతుక్కుంటాయి. ఆదిలాబాద్ చలికాలం పొద్దున బండి తీసినోళ్లకు తెలుసు, ఫస్ట్ వెయ్యంగనే ధన్‌మని ఒక దుంకు దుంకుతది. రెండు నిమిషాలు వేడెక్కనియ్యండి. మాన్యువల్ చెప్పిన గ్రేడ్, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిలే పొయ్యండి. కారు ఆయిల్ అగ్గువకు దొరికినా వద్దు. ఐడిలింగ్ ఎక్కువ పెట్టినా ఇదే తిప్పలు.

ఇవన్నీ చేయించేదాకా, సిగ్నల్ కాడ పూర్తిగా ఆగకముందే, బండి మెల్లగా పోతున్నప్పుడే సెకండ్ నుంచి బొటనవేలితో మెత్తగా కిందికి అనండి, పడ్తది. పచ్చ లైట్ వెలిగినా వెంటనే నమ్మకండి, ఆ స్విచ్ కూడా అప్పుడప్పుడు అబద్ధం చెప్తది. క్లచ్ మెల్లగా వదిలి చూసినంకనే చెయ్యి తీయండి.