కల్లుకు వయసు గంటల్లోనే: పాలమూరు, నల్లగొండ అపోహలు – వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బోనాలకైనా, పెళ్లికైనా, దినాలకైనా కల్లు ఉండాల్సిందే. పుట్టినప్పటి నుంచి పక్కనే ఉన్నది కాబట్టి దాని సంగతంతా తెలుసనుకుంటాం. ఆ తెలిసిన మాటల్లో కొన్ని వట్టి తప్పులు. ఒకటి రెండైతే ప్రాణాల మీదికి తెస్తాయి.

"కల్లుల నిషా ఎంతుంటది? నీళ్ల లెక్క తాగొచ్చు."

లెక్క వేసి చూద్దాం. పులిసిన కల్లులో నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్లు ఆల్కహాలు ఉంటుంది, అంటే బీరుకు సాటి. మన దుకాణాల్లో కల్లు పోసేది ఎక్కువగా పాత బీరు సీసాల్లోనే, అవి 650 మిల్లీలీటర్లవి. ఐదు పాళ్ల చొప్పున ఒక్క సీసాలో 32 మిల్లీలీటర్ల పైచిలుకు ఆల్కహాలు ఉన్నట్టు. మన దేశంలో అమ్మే విస్కీ సాధారణంగా 42.8 శాతం, అందులో 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు పోస్తే లోపలికి పోయేది 26 మిల్లీలీటర్లకు లోపే. "నేను మందు ముట్టను, రెండు సీసాల కల్లు తాగుత అంతే" అనే పెద్దమనిషి లివరుకు ఆ తేడా ఏమీ తెలియదు.

"నురుగు పొంగితే అసలు కల్లు. తెల్లగ చిక్కగ ఉంటే ఇంకా మంచిది."

నురుగు వచ్చేది కార్బన్ డయాక్సైడ్ వల్ల. చెట్టు నుంచి దిగే నీళ్లలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. చుక్క లొట్టిలో పడ్డప్పటి నుంచే ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం మొదలుపెడుతుంది. గౌడన్న పొద్దున దించిన లొట్టినే వంచి మళ్లీ కడతాడు కదా, దాని లోపలి గోడకు మిగిలిన తడి పాలలో వేసిన తోడులా పనిచేస్తుంది. కొత్త లొట్టిలో కల్లు నిదానంగా పులిస్తే పాత లొట్టిలో తొందరగా పులిసేది అందుకే. కాబట్టి నురుగును చూసి పులుస్తోందని చెప్పగలం గానీ కల్తీ లేదని చెప్పలేం. చక్కెర నీళ్లలో ఈస్టు వేసినా నురుగు పొంగుతుంది. తెలుపు సంగతీ అంతే.

దుబాయి నుంచి, అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే స్కాచి విషయంలోనూ మనవాళ్లకు ఇదే భ్రమ. సీసాను వెలుతురుకు పట్టి, రంగు ముదురుగా ఉంటే బాగా పాతదంటారు. బ్రిటన్ చట్టం ప్రకారం స్కాచిని కనీసం మూడేళ్లు ఓక్ చెక్క పీపాల్లో ఉంచాలి. ఆ రంగు చాలావరకు పీపా నుంచి వచ్చేదే. స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతపు షెర్రీ వైను నానిన పీపాలో పోస్తే కొద్ది ఏళ్లకే ఎర్రగా, ఎండు ద్రాక్ష, అంజీరు వాసనతో తయారవుతుంది. మెకాలన్, గ్లెన్‌ఫార్క్లస్, గ్లెన్‌డ్రోనాక్ లాంటివాటికి పేరొచ్చింది ఈ షెర్రీ పీపాల వల్లే. ఒకప్పుడు షెర్రీ పీపాలతోనే ఓడల్లో బ్రిటన్‌కు వచ్చేది, ఖాళీ పీపాలు విస్కీవాళ్లకు చేరేవి. 1980ల నుంచి షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపుతున్నారు. అందుకని ఇప్పుడు విస్కీ కోసమే పీపాలు చేయించి, షెర్రీతో నానబెట్టి తెప్పించుకుంటున్నారు. పైగా రంగు కోసం క్యారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఇంకొకటి, సీసాలో పడ్డాక విస్కీకి వయసు పెరగదు. కొడుకు పెళ్లికని బీరువాలో ఇరవయ్యేళ్లు దాచినా పన్నెండేళ్ల స్కాచి పన్నెండేళ్లదే.

స్కాచికి వయసు ఏళ్లలో అయితే కల్లుకు గంటల్లో. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, ఒక రోజు దాటితే పులుపు తిరిగి వెనిగర్ దారి పడుతుంది. మూడు రోజులైనా రుచి మారలేదంటే అది చెట్టు గొప్పతనం కాదు.

"మాకాడ ఏడాది పొడుగూత చెట్టుకల్లే."

ఏ చెట్టుదో ఒక్కసారి అడగండి. ఈత ముఖ్యంగా చలికాలపు చెట్టు. మొవ్వు కింద బోదెను చెక్కితే దిగుతుంది. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు రెండో పక్క గీస్తారు. అందుకే పాత ఈతచెట్టు బోదె వంకరటింకర మెట్లలా కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలిసిపోతుంది. తాటిలో పోతుతాడుకు, పండుతాడుకు గెలలు వచ్చే కాలం వేరు, గీసే కాలం వేరు. గెల కొసను రెండు పూటలా పలచగా చెక్కుతూ ఉండాలి, మానితే ధార ఆగిపోతుంది. ఇంత చేస్తే ఒక చెట్టు ఇచ్చేది రోజుకు కొన్ని లీటర్లు. వానలు లేక చెట్లు ఎండిన ఏడు కూడా, ఊరి చుట్టూ పదుల సంఖ్యలోనే చెట్లున్న చోట కూడా, దుకాణం ముందు సీసాల పెట్టెలు తగ్గలేదంటే ఆ తెల్లనీళ్లు ఎక్కడివి? సాక్రిన్ తీపికి. మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం. ఇవి కంటికి కనపడవు, చీమలు పట్టాయా లేదా అని చూస్తే తేలవు. ల్యాబులో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

"కల్లు చలువ జేస్తది, కిడ్నీల రాళ్లు కరుగుతయి, బాలింతకు పాలు పడతయి."

ఆల్కహాలు మూత్రాన్ని ఎక్కువ చేసి ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది, ఎండలో పని చేసేవాళ్లకు అది చేటే. రాళ్లున్నవాళ్లకు కావలసింది మంచినీళ్లు. బాలింత సంగతి మరీ తిరకాసు: ఆల్కహాలు పాలు దిగకుండా అడ్డుపడుతుంది, దిగిన పాలలోకీ చేరుతుంది.

"కల్లు మానేస్తే ఫిట్స్ వచ్చినయి, మళ్ల తాగితే తగ్గినయి. అంటే ఒంటికి కల్లు కావాలె."

అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఈ మాటే. తాగితే తగ్గడం నిజం. చెట్టుకల్లు మీద బతికిన తాతలకు రెండు రోజులు దొరక్కపోతే చిరాకు పుట్టేదేమో గానీ, ఊరు ఊరంతా ఒకేసారి వణికింది లేదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద ఎక్సైజ్ శాఖ గట్టిగా దాడులు చేసినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. చేతులు వణకడం, మెడ ఒకవైపు లాగేయడం, నాలుక కరచుకోవడం, లేనివాళ్లతో మాట్లాడటం, రాత్రంతా లేచి తిరగడం, చివరికి ఫిట్స్. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మళ్లీ ఇలాంటివాళ్లే వరస కట్టారు.

జరిగేది ఇదీ. అల్ప్రాజోలం మెదడును నెమ్మదింపజేసే మాత్ర, డాక్టరు చీటీ మీద చిన్న మోతాదులో కొద్ది రోజులకు ఇచ్చేది. కల్లులో దాన్ని లెక్కాపత్రం లేకుండా కలిపి, నెలల తరబడి రోజూ తాగిస్తే మెదడు ఆ బరువుకు అలవాటుపడిపోతుంది. బరువు ఒక్కసారిగా తీసేస్తే ఒకటి రెండు రోజుల్లోనే అదుపు తప్పుతుంది. మళ్లీ సీసా తాగితే ఆ మందే లోపలికి పోతుంది కాబట్టి కుదుటపడుతుంది. అంటే ఒంటికి కావలసింది కల్లు కాదు, అందులో కలిపిన బిళ్ల. దాని పైన ఆల్కహాలు కూడా చేరితే నిద్రలోనే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, బతికినవాళ్లలో కొందరి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

కాబట్టి ఇంట్లో ఎవరైనా రోజూ దుకాణం కల్లు తాగుతుంటే తిట్టి, గదిలో పెట్టి, ఒక్క రోజులో మాన్పించే పని చేయకండి. గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిరగకండి. సర్కారు దవాఖానాకు తీసుకుపోయి "కల్లు తాగుతడు, మానిండు, ఇన్ని రోజులైంది" అని సిగ్గుపడకుండా చెప్పండి. డాక్టర్లు అదే జాతి మందును కొలత ప్రకారం ఇచ్చి, కొన్ని వారాల మీద మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఫిట్స్ వస్తే 108. మాన్పించడం గురించి సలహా కావాలంటే 14446.

"కల్తీకి కారణం గౌండ్లోళ్లే."

ఈ మాట నాకు కష్టం కలిగిస్తుంది. బిళ్లల పొడి చెట్టు మీద కలవదు, దించినాక డిపోలోనో, సీసాలు నింపేకాడనో కలుస్తుంది. మోకు, ముత్తాదుతో తెల్లారకముందే తాడెక్కేవాడికి, వేల సీసాలు తిప్పే కాంట్రాక్టుదారుకు మధ్య చాలా దూరం ఉంది. అబ్కారీ వేలాల కాలం నుంచీ అంతే. సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షం ఒక జీవితమంతా గీత కార్మికుల పక్షాన కొట్లాడింది, గీసేవాడి చేతికే చెట్టు రావాలన్నది ఈ దూరం చూసే. 480 మంది పోటీపడ్డ 1996 ఎన్నికల్లోనూ నల్లగొండ జనం లోక్‌సభకు పంపింది ఆయననే. తాటిమీంచి జారి నడుము విరిగినవాళ్లు గీత వృత్తి ఉన్న ప్రతి ఊళ్లో కనిపిస్తారు. 2024 జులైలో మొదలైన కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇలాంటి ప్రమాదాలు తప్పించడానికే వచ్చాయి. అసలు కల్తీ వల్ల ముందుగా నష్టపోయేది కూడా నిజమైన కల్లు దించేవాడే. బిళ్ల కలిపిన నీళ్ల ధరకు అతను చెట్టుకల్లు అమ్మలేడు.

"నీరా అంటే లేత కల్లు, పిల్లలకు మంచిది కాదు."

నీరా పులియకముందు దించిన రసం, అందులో ఆల్కహాలు ఉండదు. వెనుకట లొట్టి లోపల సున్నం పూసి పులుపును ఆపేవారు, ఇప్పుడు చల్లగా ఉంచి దించుతున్నారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో నీరా కేఫ్ తెరిచింది ఇది పోయడానికే. కానీ చల్లదనం తప్పిందా, అదీ కొద్ది గంటల్లో కల్లే అవుతుంది. పిల్లల చేతికి గ్లాసు ఇచ్చేముందు ఎప్పుడు దించారు, ఎట్లా తెచ్చారు అని అడగండి. చక్కెర జబ్బున్నవాళ్లు అందులోని తీపిని కూడా లెక్కలో వేసుకోండి.