క్యాంపు లెక్కలు పిల్లల చేతికివ్వండి

నంద్యాలలోగానీ ఆళ్లగడ్డలోగానీ మిద్దెక్కి తూర్పుకు చూస్తే నల్లమల కొండలే. అడవి ఇంత దగ్గరున్నా అందులో ఒక రాత్రి గడిపిన పిల్లలు తక్కువ. మహానందికో అహోబిలానికో పెద్దవాళ్ల వెంట వెళ్లి, దర్శనం చేసుకుని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరడమే మామూలు. స్కౌట్ ట్రూపు శని, ఆదివారాల్లో పెట్టే క్యాంపు ఆ లోటు తీర్చగలదు. కాకపోతే పెద్దలు అన్నీ అమర్చిపెట్టి పిల్లల్ని బస్సెక్కిస్తే అది విహారయాత్రే అవుతుంది. ప్లాను వేయడం దగ్గర్నుంచీ పిల్లల పనే కావాలి.

ఈ ఆలోచన స్కౌటింగ్ పుట్టుకలోనే ఉంది. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ తొలి క్యాంపు పెట్టినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లల్ని నాలుగు ప్యాట్రోళ్లుగా చేసి, ఒక్కోదానికి వాళ్లలోనే ఒకణ్ణి నాయకుడిగా పెట్టాడు. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లోనూ ఆరు నుంచి ఎనిమిది మందికి ఒక ప్యాట్రోల్, దానికో లీడరు. సరుకులు, నీళ్లు, గుడారాలు, మందులపెట్టె అన్నీ ఈ లీడర్లు కూర్చుని తేల్చుకోవాలి. స్కౌట్ మాస్టరు వినాలి, ప్రమాదం ఉన్నచోట మాత్రం అడ్డుపడాలి.

పెద్దవాళ్లు తప్పనిసరిగా చేయాల్సింది అనుమతి. నల్లమల పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల అడుగుపెట్టడమే నేరం, ఇక వాగు ఒడ్డున గుడారం వేస్తామంటే కుదరదు. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో పచర్ల దగ్గర, ఆత్మకూరు పక్క బైర్లూటిలో అటవీశాఖ ఏర్పాటు చేసిన జంగిల్ క్యాంపులున్నాయి. అక్కడ పనిచేసే చెంచులు అడవి గురించి చెప్పేది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. కార్తీకమాసపు రద్దీ తగ్గాక, సంక్రాంతి లోపు వెళ్లడం మేలు. వానాకాలంలో వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి, శివరాత్రి దాటితే ఎండుటాకుల్లో నిప్పు భయం.

ఇక లెక్కలు. నాలుగు ప్యాట్రోళ్లు, ముప్పై రెండు మంది అనుకుందాం. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకుంటే రెండు రోజులకు 256 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పదమూడు. ఎనిమిది మందికి పూటకు కిలో బియ్యం. ఏడో తరగతి పిల్లాడు ఈ హెచ్చవేత చేసి, కొట్టుకు వెళ్లి, క్యాన్లు మోసి చూస్తే నీళ్ల విలువ వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున టిఫిన్‌కు మన ఉగ్గానిని మించింది లేదు. బొరుగులు బరువుండవు, చెడిపోవు. నీళ్లలో ముంచి గట్టిగా పిండి పక్కన పెట్టుకోవాలి. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు పోపులో మగ్గాక పసుపు వేసి, బొరుగులు కలిపి, పైన పప్పులపొడి చల్లితే పావుగంటలో పని అయిపోతుంది. గ్యాసు తక్కువ, గిన్నెలు తక్కువ. కట్టెల పొయ్యి ఆలోచన వద్దు. అడవిలో కట్టెలేరడానికి పిల్లల్ని పంపనే కూడదు. 2024 జూన్‌లో పచర్ల దగ్గర కట్టెలకు వెళ్లిన ఒక మహిళ చిరుత దాడిలో చనిపోయింది. చీకటిపడ్డాక పిల్లలు బాత్రూముకు వెళ్లినా ఇద్దరిద్దరుగా, టార్చితో, ఒక పెద్దమనిషి తోడుగా వెళ్లాలి.

తల్లిదండ్రులు చిరుత గురించే అడుగుతారు. నాకు అంతకంటే కట్లపాము భయం ఎక్కువ. అది రాత్రిపూట తిరిగేది, నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కంటికి ఆనకపోవచ్చు. కొన్ని గంటలకు కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఊపిరి ఆడకపోవడం. అందుకే గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి, లేదా దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. బూట్లు దులిపి తొడుక్కోవాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏవీ చేయకూడదు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరకముందే కనుక్కోవాలి. అడవిలో సిగ్నల్ దొరకని చోట్లుంటాయి కాబట్టి 108ని మాత్రమే నమ్ముకోకుండా రాత్రంతా ఒక బండి, డ్రైవరు సిద్ధంగా ఉండాలి.

ఆళ్లగడ్డ ట్రూపుకు అహోబిలం ఇంకా దగ్గర, పాతిక కిలోమీటర్ల లోపే. దిగువ అహోబిలంలో సత్రంలో రాత్రి ఉండి, తెల్లవారుతూనే ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుడిదాకా భవనాశిని ఏటి పక్కగా నడిస్తే అడవినడక కూడా అయినట్టే. ఉగ్రస్తంభం కొండ ఎక్కడం మాత్రం చిన్న తరగతుల పిల్లలకు వద్దు. కోతులుంటాయి, తినుబండారాలు చేతిలో పట్టుకోకుండా సంచిలో పెట్టుకోవాలి.

ఆదివారం బయల్దేరేముందు నాలుగు ప్యాట్రోళ్లూ వరసగా నిలబడి, క్యాంపు జాగా ఒక కొస నుంచి ఇంకో కొసదాకా నడుస్తూ చాక్లెట్ కాగితంతో సహా ఏరి వెంట తెచ్చేయాలి. సోమవారం లీడర్లు కూర్చుని మిగిలిన బియ్యం, చాలని నీళ్లు, వాడని మందులు నోటుపుస్తకంలో రాయాలి. వచ్చే ఏడాది కొత్త లీడరు ప్లాను వేయడానికి కూర్చున్నప్పుడు ఆ పుస్తకమే ముందుండాలి.