టీవీలో మిత్తి మాట

వెల్గటూర్‌లో మహిళా సంఘం మీటింగు. ఒక అక్క అడిగింది. "టీవీల రెపో రేటు తగ్గిందన్నరు. మన మిత్తి తగ్గుతదా?"

మనకు బ్యాంకు అప్పు ఇస్తుంది. ఆ బ్యాంకుకు రిజర్వు బ్యాంకు అప్పు ఇస్తుంది. దాని మీద తీసుకునే మిత్తే రెపో రేటు.

అది ఎంతో ఆరుగురి కమిటీ ముంబైలో కూర్చుని తేలుస్తుంది. గవర్నరు టీవీలో చెబుతారు. ధరలు మండుతుంటే పెంచుతారు. 2022 మేలో 4 నుంచి 4.40 శాతం చేశారు. 2023 ఫిబ్రవరికి 6.50 అయింది. 2025లో తగ్గించారు.

మరి ఇంత చాటింపు ఎందుకు? ఉల్లిగడ్డ పిరమైతదని ఊరంతా అనుకుంటే ఏమవుతుంది? అందరూ ఇవాళే బస్తా కొంటారు. అనుకున్నందుకే పిరమవుతుంది! అందుకే జనానికి ముందే చెబుతారు. నిరుడు 100 రూపాయలైన సరుకు ఈ ఏడు 104 దగ్గర ఉండాలి. అదీ గురి. ధరలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారని హైదరాబాదు వంటి నగరాల్లో ఇంటింటా అడుగుతారు కూడా.

గవర్నరు మాట ఇంగ్లీషులో చాలాసేపు సాగుతుంది. మన దాకా వచ్చేసరికి "కిస్తీ తగ్గుతుంది" అన్న ముక్కే మిగులుతుంది. అందరి కిస్తీ తగ్గదు. కొన్ని అప్పులకు మిత్తి మారుతుంది. కొన్నింటికి తీరేదాకా ఒకటే మిత్తి. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఏ గవర్నరు చెప్పినా తగ్గదు. అది ఏడాదికి 24 శాతం!

సంఘం అప్పు ఏ రకం? అప్పు కాగితంలో రాసి ఉంటుంది. "మేనేజరును అడగాలె" అని ఆ అక్క మీటింగు పుస్తకంలో తానే రాసింది.