ఒక్క కణం వంకరైతే

మా ఊరు ఇస్లాపూర్, నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సైన్స్ సార్ ‘పేశీ’ అంటే నేను కండ అనుకునేదాన్ని, మనకు మాంసపేశి అంటే కండే కదా! మరాఠీలో పేశీ అంటే కణం. వాళ్ల ‘ఊతీ’ మనకు కణజాలం. అవయవం మాత్రం రెండు భాషల్లోనూ అవయవమే. కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం, అవయవాలు కలిస్తే వ్యవస్థ, అన్నీ కలిస్తే మనిషి. పరీక్షకు ఇలా బట్టీ పట్టి రాసేశాను.

ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి చలికాలం రాగానే బడి మానేసేది. కీళ్లు నొప్పులనేది. నాటకాలు అనుకున్నాం, నేను కూడా అన్నాను. తర్వాత రక్తపరీక్షలో సికిల్‌సెల్ అని తేలింది. తెలుగులో కొడవలి కణ వ్యాధి. మా దగ్గర సోయా కోసే కొడవలి లాగే ఆ కణం వంగి ఉంటుంది.

ఆ జబ్బు గురించి చదివాక బట్టీ పట్టిన వరుస అర్థమైంది. ఎర్ర రక్తకణంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆరోదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది, తేడా అంతే. దాంతో ప్రాణవాయువు తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ కడ్డీల్లా పేరుకుని, గుండ్రని కణాన్ని వంచేస్తుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఇది 10–20 రోజులకే చితికిపోతుంది. మూలుగ ఎంత తయారుచేసినా చాలదు, రక్తం తగ్గుతుంది. రక్తం కూడా ఒక కణజాలమే. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో నొప్పి, ప్లీహం దెబ్బతింటే మాటిమాటికీ జ్వరాలు. చలికి నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి ఆ రోజుల్లో బాధ ఎక్కువ. మాకు కనిపించింది మాత్రం ఖాళీ బెంచీ.

మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది. ఒక్కరి నుంచే అది వచ్చినవాళ్లను వాహకులంటారు. వాళ్లు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ కూడా దొరుకుతుంది. మా కిన్వట్ వైపు, ఇటు ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ జబ్బు ఉంది. ఇతర కులాల్లోనూ కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు.

మనం తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. బిడ్డకు జబ్బొస్తే ‘తల్లి రక్తం మంచిది కాదు’ అనేవాళ్లను చూశాను. ఇద్దరి నుంచీ రాకపోతే ఆ జబ్బే రాదు, ఒక్క తల్లిని అనడం తప్పు.

2023 జులై 1న కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. జబ్బున్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పులు తగ్గిస్తాయి. నీళ్లు బాగా తాగాలి, చలికి జాగ్రత్తపడాలి.

పెళ్లికి ముందు జాతకాలు చూస్తారు. ఆ రోజే ఇద్దరి రక్తం కూడా చూపించమని ఇంట్లో అడుగుదాం. నా స్నేహితురాలు ఇప్పుడు మందులు వాడుతూ చదువుకుంటోంది. పోయిన దీపావళికి ఊరెళ్లినప్పుడు ఆనాటి మాటకు క్షమించమని అడిగాను. నవ్వి, ‘నువ్వు కూడా టెస్ట్ చేయించుకున్నావా?’ అంది.

చేయించుకున్నాను.