పాట వెనుక ఓ చెవి

వంట చేసుకుంటూ పాట వింటాం. పాడినదెవరో, స్వరపరిచినదెవరో ఇట్టే చెప్పేస్తాం. మరి ఆ గొంతు వాయిద్యాల హోరులో మునిగిపోకుండా చూసిందెవరో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ పని నేర్చుకోవడానికే నేను తెనాలి నుంచి పుణె వెళ్లాను.

పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ 1960లో, పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ కోర్సు మూడేళ్లు. డిగ్రీ ఉండాలి, ప్రవేశపరీక్ష రాయాలి. ఇంటర్లో ఫిజిక్స్ చదివి ఉంటే బాగా అక్కరకొస్తుంది. 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కి 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఇక్కడ చదివినవారే.

"మీటలు నొక్కడానికి మూడేళ్లెందుకే?" అంది మా పిన్ని. మీటలు నొక్కడం వారంలో వస్తుంది. వినడం రావడానికే ఏళ్లు పడుతుంది. వీణకు మైకు కుండ దగ్గర పెడితే ఒక నాదం, మెట్ల దగ్గర పెడితే మరో నాదం. గాయనికొకటి, మృదంగానికొకటి మైకు పెట్టామనుకోండి. ఒకరి ధ్వని రెండో మైకులోకి కాస్త ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిస్తే గొంతు డొల్లగా వినిపిస్తుంది. అందుకే మనిషికీ మైకుకీ అడుగు దూరముంటే, మైకుల మధ్య కనీసం మూడడుగులు ఉంచమంటారు.

ఈ వృత్తిలో చెవులే మన ఆస్తి. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమైపోతుంది. పెళ్లి ఊరేగింపులో స్పీకర్ల పక్కన పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడే తల్లులకూ ఈ లెక్క వర్తిస్తుంది.

ఇందులో ఆడవాళ్లు బహు తక్కువ. అమెరికాలో 2012 నుంచి 2020 దాకా వచ్చిన ఆదరణ పొందిన పాటల్ని ఒక విశ్వవిద్యాలయం లెక్కగడితే, ప్రొడ్యూసర్లలో స్త్రీలు నూటికి ముగ్గురైనా లేరు. మన దగ్గరా నేను షూటింగుకి వెళితే "సౌండ్ ఆయన ఎక్కడమ్మా?" అని నన్నే అడుగుతారు. "నేనేనండీ" అని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను.

పోయినేడు ఓ మంచి సంబంధం వచ్చింది. రాత్రి షిఫ్టులు మానేస్తే చాలన్నారు. పాటల మిక్సింగ్ సగం రాత్రిళ్లే జరుగుతుంది, అది మానడమంటే వృత్తి మానడమే. నాన్నగారు రెండ్రోజులు మౌనంగా ఉన్నారు. చివరికి అమ్మే చెప్పింది, "మూడేళ్లు దాని చదువుకి చిట్టీ కట్టింది ఇంట్లో కూర్చోబెట్టడానికా?" అని. ఆ సంబంధం వదులుకున్నాం. బాధ లేదని అనను, పని మాత్రం మిగిలింది.

మీ అమ్మాయి ఫ్యాను చప్పుడులో కూడా శ్రుతి వెతుకుతుంటే విసుక్కోకండి. ఆ చెవికి తగ్గ చదువొకటి ఉందని చెప్పండి.