మీకు తెలుసా? కంప్యూటర్ రాజుకూ ఓ స్వభావం ఉంటుంది

నగరంలో ముందు ధాన్యాగారం కట్టాలా, సైనిక శిబిరమా? 2010లో వచ్చిన 'సివిలైజేషన్ 5' అనే వీడియో గేమ్‌లో, ప్రత్యర్థి పాలకుల తరఫున ఆడే కంప్యూటర్ దీన్ని అంకెలతో తేలుస్తుంది. విస్తరణ, సైన్యం, విజ్ఞానం, అద్భుత కట్టడాలు... వీటిలో దేనిమీద ఎంత మోజో చెప్పే అంకెలు ప్రతి పాలకుడికీ ఉంటాయి. ఏ కట్టడం దేనికి పనికొస్తుందో చెప్పే అంకెలు కట్టడాలకూ ఉంటాయి. రెండింటినీ కలిపి లెక్కగట్టి, పైస్థాయిలో నిలిచినవాటిలోంచి ఒకటి ఎంచుకుంటుంది. అందుకే ఈజిప్టు రామ్సెస్ అద్భుత కట్టడాల కోసం పోటీపడతాడు. ఇరాక్వా నాయకుడు హయవాతా కొత్త నగరాలు వేసుకుంటూ పోతాడు. ఇందులో నాకు బాగా నచ్చే ఏర్పాటు ఇంకొకటుంది: ప్రతి కొత్త ఆటలో ఈ అంకెలు రెండు దాకా అటూ ఇటూ జరుగుతాయి. పోయినసారి నెమ్మదిగా ఉన్న పొరుగురాజు ఈసారి మీ సరిహద్దు దాకా రావచ్చు.

కష్టస్థాయి పెంచితే కంప్యూటర్ తెలివి పెరుగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి పెరిగేవి ప్రధానంగా రాయితీలే. 2016 నాటి 'సివిలైజేషన్ 6'లో అన్నిటికన్నా కష్టమైన 'డీటీ' స్థాయిలో మీరు నగరాన్ని స్థాపించే వలసదళం ఒక్కదానితో మొదలుపెడితే, కంప్యూటర్ మూడింటితో మొదలుపెడుతుంది. కాబట్టి తొలి వంతుల్లో నగరాల సంఖ్యలో వెనకబడితే, అది మీ చేతకానితనం అనుకోకండి.