నడివయస్సులో కరాటే – దెబ్బ తగిలితే

40 ఏళ్లు దాటాక కరాటే నేర్చుకొంటున్న మాలాంటివారికి చీలమండ బెణికితే సాధనే కాదు, పొలం పని కూడా ఆగిపోతుంది.

బెణికిన వెంటనే నూనె మర్దన, వేడి కాపడం మన ఇళ్లలో అలవాటు. మొదటి రెండు రోజులు అవి వాపును పెంచుతాయి గనుక మేము వాటి జోలికి పోము. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు 15 నిమిషాలు ఉంచి, కాలు దిండుపై ఎత్తి పడుకొంటాము. నాలుగడుగులైనా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించుకొంటాము.

నొప్పి తగ్గినంత త్వరగా స్నాయువులు మానవు. ఒంటికాలిపై తడబడకుండా నిలువగలిగాకే కటాలు మొదలుపెడతాము. జోడీతో పోరాటం ఆ తరువాతే.

నేర్పేవాడు మన పిల్లల ఈడువాడే కావచ్చు. "బాబూ, ఈ వారం కిక్కులు వద్దు" అని చెప్పడానికి మొగమాటమెందుకు? తొందరపడి మళ్లీ బెణికితే నాట్ల కాలమంతా ఇంటివారిమీదే భారము గదా!